లీకేజీ ఉన్న డయోడ్

మన్సూరాబాద్,
సెప్టెంబరు 2011.

కుసుమక్కకు,

నీ క్షేమం నేను అడగను. ఒక్క మాట చెప్పకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎలక్ట్రానిక్ సామాను దుకాణం షటర్ దించేసి రేపల్లె పోయినదానివి, నీ క్షేమం నువ్వే చూసుకోగలవు. అమ్మ అడగమంది కాబట్టి అడుగుతున్నాను. నువ్వు, అలేఖ్య బాగున్నారా? మీ అన్న ఇంట్లో చోటు సరిపోయిందా? ఇది అండాలమ్మ ప్రశ్న, నాది కాదు.

నాది వేరే పని. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నాడు వీడు అనుకుంటావు. ఫోన్ కుడి చెవికి పెట్టుకుంటే మాట రావడం లేదు. ఎడమకు మార్చుకోవచ్చు, కానీ మార్చిన ప్రతిసారీ అమ్మ చూస్తుంది. అందుకే ఉత్తరం.

తెలంగాణ కోసం సమ్మె మొదలైన కొత్తలో ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో చేశాం. మా మోటారు వైండింగ్ షాపులవాళ్లం అందరం రోడ్డు మీద కూర్చున్నాం. నిజం చెప్పాలంటే లాఠీ నా కోసం రాలేదు. పక్కవాడి కోసం వచ్చింది. వాడు వంగాడు, నేను వంగలేదు. కుడి చెవి మీద చాచి కొట్టినట్టు పడింది. రక్తం కొంచెమే వచ్చింది. కానీ అప్పటి నుంచి లోపల కుయ్‌మని ఒకటే మోత. నేను పడుకున్నా అది పడుకోదు.

అమ్మకు చెప్పలేదు. గులిమి అన్నాను. మా అంతయ్య మేస్త్రికి అసలే చెప్పలేదు. మోటారు తయారైనాక స్క్రూడ్రైవర్ మొన దాని ఒంటి మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకొని బేరింగ్ చప్పుడు వింటాం కదా. డాక్టర్ వేషం వేశావా అని నువ్వు నవ్వేదానివి. మొన్న అలాగే విని బాగుందని పంపిన మోటారు వెనక్కి వచ్చింది. బేరింగ్ గరగరమంటోంది. నాకు వినపడలేదు. మేస్త్రి అందరి ముందు అన్నాడు, “ఏందిరా జానిగా, చెవులల్ల దూది వెట్టుకున్నవా? గీ మోటర్ ఎట్ల పాస్ చేసినవ్ రా?” రోజుకు అన్నిసార్లు కరెంటు పోతూ వస్తూ ఉంటే మోటార్లు కాలుతూనే ఉన్నాయి. పని చేతినిండా ఉంది. చెవి లేనివాడికి ఆ పని లేదు. చుట్టడం ఎవడైనా చుడతాడు. వినేవాడే మేస్త్రి అవుతాడు. నేను మేస్త్రిని కావాలి.

దవాఖానకు పోను. పోతే ఎలా తగిలిందని రాసుకుంటారు. రాసుకుంటే కేసు. మా గల్లీలో ఇద్దరి కోసం పోలీసులు ఇప్పటికే తిరుగుతున్నారు.

అందుకే నా చెవికి నేనే పరీక్ష పెట్టుకుంటాను. దానికి వాల్యూమ్ లేని రేడియో కావాలి. వాల్యూమ్ ఉంటే పెంచుకుంటూ పోయి నన్ను నేనే మోసం చేసుకుంటాను. పోయే ముందు అమ్మ దగ్గర నువ్వు వదిలిన అట్టపెట్టెలో బడిపిల్లల సైన్సు ఎగ్జిబిషన్ సామాను ఉంది. బ్యాటరీ, కరెంటు లేకుండా పలికే రేడియో. అది ఎలా కట్టాలో రాయి. ఈ చెవికి ఎంత, ఆ చెవికి ఎంత, తేల్చుకుంటాను.

జానయ్య


రేపల్లె.

జానయ్యా,

తిట్లతో మొదలుపెట్టావు కాబట్టి ఒంట్లో బాగానే ఉందనుకున్నాను. రెండో పేరాకి వచ్చేసరికి కూర పొయ్యి మీదే మాడిపోయింది. అలేఖ్య వచ్చి గ్యాసు కట్టేసింది.

ముందు డాక్టరు. తర్వాతే రేడియో. ఈ మాట నువ్వు వినవని తెలుసు. వినమని రాయడం నా ధర్మం, రాశాను. అండాలమ్మ గారికి నేను చెప్పను. కానీ నాచేత దాయిస్తున్నావు చూడు, అది నాకు నచ్చలేదు.

సరే, రేడియో. కాయిల్ గురించి నీకు చెప్పడం అంటే నీ చేతిని అవమానించడమే. అట్టగొట్టం మీద ఎనామిల్ తీగ పక్కపక్కనే ఒత్తుగా చుట్టు. పెట్టెలో గ్యాంగ్ ఉంది, తిప్పితే రేకులు ఒకదానిలోకి ఒకటి దూరేది. దాంతో స్టేషన్ పట్టుకోవాలి. మేడ మీద పొడుగ్గా తీగ కట్టు, అది ఏరియల్. బోరు పైపుకి ఇంకో తీగ, అది ఎర్త్. ఒక సన్నటి గాజు డయోడ్ ఉంటుంది, పెసరగింజంత. రేడియో అంతా దాంట్లోనే ఉంది. గాలిలోంచి వచ్చిన దాన్ని చెవికి పనికొచ్చేలా చేసేది అదే. చెవిలో పెట్టుకునేది కూడా ఆ పెట్టెలోదే వాడు. సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ తగిలించావంటే ఏమీ రాదు. దానికి బలం ఎక్కువ కావాలి, ఈ రేడియోకి అంత బలం లేదు.

మేం చెప్పకుండా వచ్చామని నీ కోపం. అలేఖ్య కాలేజీ మూతపడింది. ఇంటర్ రెండో ఏడాది, కూతురి చదువు ఆగితే ఎలా? ఇక్కడ చేర్పించాను. అంతే. ఇంకేం లేదు.

ఇక్కడందరూ నన్ను “హైదరాబాదావిడ” అంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్లు “ఆంధ్రా ఆమె”గానే ఉన్నాను. ఇక నా పేరు పెట్టి పిలిచేవాడివి నువ్వొక్కడివే, నువ్వేమో అలిగి కూర్చున్నావు.

చెవిలోకి నీళ్లు పోనివ్వకు.

కుసుమక్క


మన్సూరాబాద్.

కుసుమక్కా,

కట్టాను. నువ్వు చెప్పినట్టే కట్టాను, నువ్వు చెప్పిన దానికన్నా బాగా కట్టాను. కాయిల్ చూస్తే అంతయ్య మేస్త్రి కూడా వంక పెట్టలేడు. మేడ మీద నీళ్ల ట్యాంకు నుంచి పక్కింటి డిష్ గొట్టం దాకా ఏరియల్ లాగాను. బోరు పైపును గీకి ఎర్త్ బిగించాను. మధ్యాహ్నం అన్నం తిని, కరెంటు పోయిన వేళ, కాలనీ అంతా చప్పుడు లేనప్పుడు కూర్చున్నాను.

కుడి చెవిలో పెట్టుకొని గ్యాంగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. ఏమీ లేదు. మోత తప్ప ఏమీ లేదు. సరే, అది తెలిసిందే అనుకున్నాను. తీసి ఎడమ చెవిలో పెట్టుకున్నాను.

ఏమీ లేదు.

మళ్లీ తిప్పాను. ఊపిరి బిగబట్టి తిప్పాను. ఎవరో కింద బిందె దించిన చప్పుడు వినిపించింది. కాకి వినిపించింది. రేడియో వినపడలేదు. అంటే పెద్ద చప్పుళ్లు వినిపిస్తున్నాయి, సన్నటివి పోయాయి. ఎడమది కూడా పోతోంది. ఒకటి కొట్టారు, రెండోది దాని వెనకాలే పోతోంది.

తప్పు రేడియోది అనకు. అది కూడా చూసుకున్నాను. నువ్వు పెట్టెలో పెట్టిన గాజు డయోడ్ చెడ్డది. మీటర్ పెట్టి చూశాను, పనికిరాదని తేలింది, మేడ మీద నుంచి విసిరేశాను. పోయేదానివి పోతూ చెడిపోయిన సరుకు నాకు అంటగట్టావు. దాని బదులు మంచిది వేశాను. నల్లది, లావుది, వెండి గీత ఉన్నది. చార్జర్లలో, ఇన్వర్టర్లలో వేసేది. వెయ్యి వోల్టులు ఆపుతుంది. అంత గట్టిది వేసినా వినపడలేదంటే ఇంకెక్కడుంది తప్పు? నాలోనే ఉంది.

రేపటి నుంచి మేస్త్రి దగ్గర ఏ మొహం పెట్టుకొని కూర్చోవాలి? నల్లగొండకు పోయి పత్తి ఏరుకుంటాను. దానికి చెవులక్కరలేదు.

ఎవరి మీద కోపం చూపించాలో తెలియక నీ మీద చూపిస్తున్నాను. చదవాలనిపించకపోతే చింపెయ్యి.

జానయ్య


రేపల్లె.

జానయ్యా,

ఉత్తరం ఇప్పుడే అందింది. రైళ్లు ఆగి ఎన్ని రోజులు ఎక్కడ పడుందో. పోస్టుమ్యాన్ ఇంకా గేటు దాటలేదు, నేను రాయడం మొదలుపెట్టాను. ఫోన్ చేద్దామని మీ ఇంటి నంబరు నొక్కి కట్ చేశాను. అండాలమ్మ గారు ఎత్తితే ఏం చెప్పను?

ఒక్కటి అడుగుతాను. ఆ గాజు డయోడ్‌ని మీటర్ పెట్టి పనికిరాదన్నావు. ఎందుకు? రెండు వైపులా చూస్తే వెనక వైపు కూడా ముల్లు కాస్త కదిలిందా? లీకేజీ అనుకున్నావా?

అనుకునే ఉంటావు. నాకు తెలుసు. నువ్వు మోటారు మనిషివి. మీకు లీకేజీ అంటే మహాపాపం. తీగ నుంచి బాడీకి రవ్వంత కారినా ఆ మోటారుని విప్పదీసి మళ్లీ చుట్టేదాకా నీకు అన్నం సయించదు. ఆ కళ్లతోనే నా డయోడ్‌ని చూశావు.

ఒరేయ్ నాయనా, అది జెర్మేనియం డయోడ్. దానికి లీకేజీ ఉంటుంది. కొత్తదానికీ ఉంటుంది. అది దాని ఒంటి గుణం, జబ్బు కాదు. నువ్వు వేసిన నల్లది సిలికాన్. అది వెనక్కి చుక్క కూడా కారనివ్వదు, నిజమే. కానీ ముందుకి కూడా ఊరికే వదలదు. అర వోల్టుకి పైన తోస్తే గానీ తలుపు తియ్యదు. నీ ఏరియల్ నుంచి వచ్చేది అందులో ఎన్నో వంతు. జెర్మేనియం దాంట్లో సగం కన్నా తక్కువకే తెరుచుకుంటుంది, ఇంకా చిన్నదానికి కూడా కొంచెం కొంచెం పలుకుతుంది. పైగా నీ నల్లది లావు. ఆ లావుకి వచ్చిన కాస్త సిగ్నలూ దాంట్లోంచే అటూ ఇటూ జారిపోతుంది. వెయ్యి వోల్టులు ఆపేదాన్ని తెచ్చి గుసగుస వినమంటే ఎలా వింటుంది?

మా కౌంటరు దగ్గరకి వచ్చేవాళ్లలో రెండు రకాలు ఉండేవారు. కొందరు మెల్లగా చెప్తే వింటారు. కొందరికి అరిచి చెప్పాలి. నువ్వు అచ్చంగా సిలికాన్‌వి. ఎవరైనా బల్ల గుద్దితేనే నీకు వినపడుతుంది, అది చెవికి దెబ్బ తగలక ముందు నుంచీ ఉన్న సంగతే.

నీ ఎడమ చెవికి ఏమీ కాలేదు. కాకి వినిపించిందని నువ్వే రాశావు. పత్తి ఏరడానికి పోకు. దుకాణం తాళం పక్కన పూలమ్మే సైదమ్మ దగ్గర ఉంది. లోపల కౌంటరు కింద చిన్న చెక్క సొరుగుల్లో కుడివైపు పైది తీయి. ఓఏ79 అని రాసిన కాగితం పొట్లం ఉంటుంది. వాటి ఒంటి మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, పర్లేదు. రెండు మూడు తీసుకో.

సైదమ్మ దగ్గర తాళం తీసుకుని నువ్వే వెనక గుమ్మం నుంచి వెళ్లు. ముందు షటర్ ఎత్తకు, తుప్పు పట్టి ఉంటుంది.

కుసుమక్క


మన్సూరాబాద్,
అక్టోబరు.

కుసుమక్కా,

అవును. లీకేజీ ఉందనే పారేశాను. ముల్లు వెనక వైపు కదిలింది, నా రక్తం మరిగింది, విసిరేశాను. నీ ఉత్తరం చదివినాక కిందికి పోయి పక్కింటివాళ్ల తులసికుండీ దగ్గర చాలాసేపు వెతికాను. పెసరగింజంత గాజుముక్క ఎక్కడ దొరుకుతుంది? పక్కింటామె “ఉంగరం పోయిందా?” అని తను కూడా వెతకడానికి కూర్చుంది. డయోడ్ అంటే ఏంటని చెప్పను? అవునక్కా ఉంగరమే అన్నాను. ఆమె ఇంకా వెతుకుతూనే ఉంది పాపం.

కానీ ఒక మాట. వెనక్కి కారేది కూడా మంచి సరుకే అంటే మనసుకు పట్టడం లేదు. మా షాపులో అలా అన్నవాడిని మేస్త్రి పానాతో కొడతాడు. నువ్వు చెప్పావు కాబట్టి ఒప్పుకుంటున్నాను, పూర్తిగా కాదు.

ఇక అసలు సంగతి. సైదమ్మ దగ్గర తాళం తీసుకున్నాను. వెనక గుమ్మానికి లోపల గడియ పడి ఉంది, నువ్వు మరిచిపోయి ఉంటావు. అందుకని ముందుకే వచ్చాను.

షటర్ తుప్పు పట్టలేదక్కా.

ఎర్రరంగుతో అంతంత అక్షరాలు. కింద ఏదో తుడిచిన మరక, దాని మీద మళ్లీ అవే అక్షరాలు. సైదమ్మ పూలు గుచ్చుతూ అంది, “మీ అక్క ఒకపారి తుడిసింది, మల్ల రాసిన్రు. మల్ల తుడిసింది, మల్ల రాసిన్రు. ఇగ మూడోపారి తుడువలే. బిడ్డను తోల్కొని పోయింది.”

“ఎవలు రాసిన్రు?” అని అడిగాను.

“ఏమో బిడ్డా. నాకు సదువు రాదు. ఏం రాసిన్రో గూడ తెల్వది. అడుగుదమంటె మీ అక్క చెప్పకపాయె. నువ్వన్న చెప్పు, ఏమున్నది గండ్ల?”

అక్కా, నేను ఆమెకు చదివి వినిపించాల్సి వచ్చింది. ‘ఇగ మీ ఇంటికి పోండి’ అని బయటికి చదివాను. నా నోటితో చదివాను. అప్పుడు ఆమె ఏమందో తెలుసా? “గదేంది? ఆమె ఇల్లు గీడనే గద, చైతన్యపురిల!”

నాకు తెలంగాణ కావాలి. ఇది నీకు తెలుసు. నువ్వు రేపల్లెలో ఉన్నా కావాలి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నా కావాలి. చెవి పోయినా కావాలి. దాంట్లో ఒక్క మెట్టు దిగను. కానీ ఆ షటర్ మీద రాసినవాడు నా పక్కన కూర్చొని నినాదం చేసినవాడే కావచ్చని అనుకుంటే ఒళ్లు మండుతోంది. నా కోపం మీద వాడికేం హక్కు? నా కోపాన్ని తీసుకుపోయి పిల్లల సైన్సు సామాను అమ్మే దుకాణం మీద పూసిపెట్టాడు.

అలేఖ్య చదువు అని రాశావు. అంతే, ఇంకేం లేదు అని రాశావు. అంతే అని ఊరుకోకుండా ఇంకేం లేదు అన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది.

మా షాపులో వార్నిష్ పల్చన చేసే థిన్నర్ ఉంటుంది. డబ్బా తెచ్చి తుడిచాను. అక్షరాలు పోయాయి. రంగు కూడా పోయి రేకు బయటపడింది. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నారు. ఒకడు ఆగి, “ఏమన్నా, పని దొరకలేదా?” అన్నాడు. తుడుస్తున్న గుడ్డ చూపించి, “వస్తవా, ఇంకో గుడ్డ ఉంది” అన్నాను. పోయాడు.

డయోడ్‌లు తెచ్చుకున్నాను. ఇంకా వేయలేదు. ఈ కోపంతో వేస్తే విరిచేస్తాను.

జానయ్య


రేపల్లె.

జానయ్యా,

నీ ఉత్తరం అలేఖ్య చదివింది. నేను చదవలేకపోయాను, కళ్లజోడు దొరకలేదని చెప్పాను. కళ్లజోడు నా తల మీదే ఉందని అది తర్వాత చెప్పింది.

వెనక గుమ్మం గడియ మరిచిపోయినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. నువ్వు చూడకూడదనే అలా రాశాను. చూస్తే ఎవడితోనో కొట్లాటకి పోతావని భయం. నీకు చెప్పకుండా వచ్చేసింది కూడా అందుకే. నాకు భయం వేసింది రాతకి కాదు. రెండోసారి తుడుస్తుంటే అలేఖ్య వచ్చి బకెట్టు పట్టుకుని నిలబడి, “అమ్మా, మనం ఏం చేశాం?” అంది. మళ్లీ రాస్తే మళ్లీ అదే అడుగుతుందని దాన్ని తీసుకుని వచ్చేశాను.

మీ రాష్ట్రం మీద నాకు కోపం లేదు. వస్తే రానీ. అక్కడ దుకాణం తెరవనిస్తే తెరుస్తాను. పరీక్షలయ్యాక చూద్దాం. ఈ సంగతి ఇక్కడితో ఆపు. నాకు కావలసింది నీ చెవి.

డయోడ్ బిగించే పద్ధతి చెప్తాను, జాగ్రత్తగా విను. మీ షాపులో పెద్ద సోల్డరింగ్ ఐరన్ దాని దరిదాపులకి తీసుకురాకు. అంత వేడికి జెర్మేనియం చచ్చిపోతుంది. సోల్డరింగే వద్దు, తీగల్ని మెలిపెట్టు. కాళ్లు వంచేటప్పుడు గాజుకి ఆనించి వంచకు, పుటుక్కున విరుగుతుంది. కాస్త ఎడంగా పట్టకారుతో పట్టుకుని వంచు. ఏ వైపు పెట్టినా పలుకుతుంది, దాని గురించి మథనపడకు.

ఇంకో మాట. ముందు ఎడమ చెవి. అది పలికితే రేడియో సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు కుడి చెవి పెట్టుకో. మొన్న నువ్వు కుడితో మొదలుపెట్టావు. రేడియో మంచిదో కాదో తెలియకుండానే చెవికి శిక్ష వేశావు.

కుసుమక్క


మన్సూరాబాద్.

కుసుమక్కా,

పలికింది.

నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. ముందు ఎడమ. గ్యాంగ్ తిప్పుతుంటే ఒక చోట ఎవరో ఆవిడ గొంతు! ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా ఉందో! పత్తి మీద పచ్చపురుగు పడితే ఏం మందు కొట్టాలో చెప్తోంది. మా నాయన జీవితమంతా ఆ పురుగుతోనే పోయింది, నాకు పత్తి మాట ఎత్తితేనే మంట. అయినా ఆమె చెప్పిన మందులన్నీ విన్నాను. లీటరు నీళ్లకు ఎంత కలపాలో కూడా విన్నాను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మేడ మీద నేను కట్టిన తీగలో ఆమె ఉంది. నీ లీకేజీ డయోడ్‌కు దండం పెట్టాను. పానాతో కొట్టినా సరే, మేస్త్రికి కూడా ఈ మాట చెప్తాను.

తర్వాత కుడి చెవిలో పెట్టుకున్నాను.

మోత. అదే కుయ్‌మనే మోత. మాట లేదు. చాలాసేపు కూర్చున్నాను. ఎండ వీపు మీద పడుతోంది. తీసేద్దామనుకున్నాను. అప్పుడు ఒకటి గమనించాను అక్కా. మోత అడుగున ఇంకేదో ఉంది. మాట కాదు, గోడ అవతల ఎవరో కదిలినట్టు. అది కూడా చెవి మాయేనేమో అనుకున్నాను. కానీ మోత ఆగదు. ఇది ఆగుతోంది! కాసేపు ఉంటుంది, ఆగుతుంది, మళ్లీ వస్తుంది. గబుక్కున తీసి ఎడమకు పెట్టుకున్నాను. ఆవిడ మాట్లాడుతోంది. వాక్యం అయిపోయి ఊపిరి తీసుకుంది. మళ్లీ కుడికి మార్చాను. అది కూడా అలాగే ఆగి, అలాగే వస్తోంది.

నా కుడి చెవి చచ్చిపోలేదు. దానికి మాట అందడం లేదు, కానీ ఎవరో మాట్లాడుతున్నారని దానికి తెలుస్తోంది.

ట్యాంకు వెనక కూర్చొని ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, రాశాను.

ఇప్పుడు నువ్వు దవాఖాన అంటావు. బతికే ఉంది కదా, మెల్లగా అదే బాగవుతుంది. వేడినూనె వేసుకుంటాను. కేసు భయం ఇంకా పోలేదు.

జానయ్య


రేపల్లె.

జానయ్యా,

నూనె వేశావంటే నీకూ నాకూ మాటల్లేవు.

చచ్చిపోయిన చెవికైతే నువ్వు దవాఖానకి పోకపోయినా నేను ఏమీ అనలేను. బతికున్నదాన్ని ఇంట్లో కూర్చోబెట్టి చంపుతావా? లాఠీ కొట్టింది ఒక్కసారే. మిగతాదంతా నువ్వే చేస్తున్నావు.

అలేఖ్య పక్కనుంచి రాయమంటోంది: “చౌరస్తాలో అంతమంది పోలీసుల ముందు కూర్చున్న జానయ్యన్న ఒక్క డాక్టరుకు భయపడుతున్నాడా?” ఇది దాని మాట. నా మాట కూడా అదే.

అండాలమ్మ గారిని తీసుకుని వెళ్లు. ఒంటరిగా వెళ్తే సగం దారిలో వెనక్కి వస్తావు.

కుసుమక్క


మన్సూరాబాద్,
నవంబరు.

కుసుమక్కా,

పోయాను. అలేఖ్యకు చెప్పు, ఆ ఒక్క మాటకు పోయాను. దాని నోరు నీకన్నా పదునుగా ఉంది, పెళ్లిచూపుల్లో మూసి ఉంచమను.

అమ్మను వెంట తీసుకుపోయాను. గులిమి తీయించుకోవడానికే అని చెప్పాను. సర్కారు చెవి దవాఖాన. వరస గుమ్మం దాటి వరండా దాకా ఉంది. డాక్టరమ్మ చిన్న వయసే. చెవిలో లైటు వేసి చూసింది. చూసి, లైటు తీసి, నా మొహం చూసింది.

“ఎట్ల తగిలింది?”

“పడ్డ మేడమ్.”

“ఎక్కడ?”

“మెట్ల మీద.”

“ముక్కుకు తగల్లే, దవడకు తగల్లే. సీదా చెవి మీదనే పడ్డవా? మెట్లకు నీ చెవంటె అంత ఇష్టమా?”

వెనక వరసలో ఎవరో నవ్వారు. అక్కా, నాకు కోపం వచ్చింది. ఆ కోపం డాక్టరమ్మ మీద కాదు, నా మీద. తప్పు చేసినవాడిలా మెట్ల కథలు చెప్తున్నాను. నేనేం తప్పు చేశాను? రోడ్డు మీద కూర్చున్నాను. కావాలన్నది అడిగాను. అరిచి చెప్పాను, “లాఠీ మేడమ్! ఎల్బీనగర్ చౌరస్తల కొట్టిన్రు!” వరండా చివరి దాకా వినపడి ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మకు మొట్టమొదట వినపడింది.

డాక్టరమ్మ రాసుకుంది. నేను ఆ కాగితం వైపే చూస్తున్నాను. ఆమె తలెత్తకుండానే అంది, “పోలీసుల పని పోలీసులు చూసుకుంటరు. నాది చెవి పని. అరవకు, నాకు రెండూ మంచిగనే ఉన్నయి.”

లోపల గదిలో పరీక్ష చేశారు. చెవి పొరకు చిల్లు పడింది. లోపలి నరం బతికే ఉంది. మందు వాడి తడి లేకుండా చూసుకుంటే అదే మూసుకోవచ్చు. మూసుకోకపోతే ఆపరేషన్ చేసి అతుకు వేస్తారు. పూర్తిగా మునుపటిలా వస్తుందా అంటే, “అంత మాట నేను ఇయ్య. కని మాటలైతె ఇనవడ్తయి” అంది. వచ్చే నెల మళ్లీ రమ్మంది. నూనె వేశావా అని అడిగింది. లేదన్నాను. నీ పుణ్యమే అది.

సాయంత్రం అంతయ్య మేస్త్రికి కూడా చెప్పేశాను. పనిలోంచి తీసేస్తాడనుకున్నాను. “మోటర్ ఎనుకకు వచ్చిననాడే చెప్తె నా తిట్లన్న తప్పుతుండె గద రా” అన్నాడు. చెవి బాగయ్యేదాకా నేను చుట్టిన మోటార్లు తను వింటానన్నాడు. తర్వాత సంగతి తర్వాత అన్నాడు. దాన్ని నేను నమ్ముతున్నాను. నమ్మకపోతే ఏం చేస్తాను?

కానీ నీకు రాయాలనుకున్నది ఇది కాదు. మందుల కోసం వరండాలో కూర్చున్నప్పటి సంగతి. అమ్మ నా కుడిపక్కన బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో చేతులు పెట్టుకొని ఎదురుగోడ చూస్తోంది. తిడితే బాగుండు అనిపించింది. అలా ఎంతసేపు ఉందో, లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. నా ముందు నుంచి నడిచి, ఎడమ వైపుకు వచ్చి, అక్కడున్న ముసలాయనను జరగమని కూర్చుంది.

అప్పుడు మొదలుపెట్టింది. లాఠీ దగ్గర మొదలుపెట్టి, గులిమి అని చెప్పిన అబద్ధం, పోయిన మా నాయన మొండితనం, చిన్నప్పుడు నేను మింగిన గోళీ, ఏదీ వదల్లేదు. ముసలాయన అవతలికి లేచిపోయాడు. మందుల కిటికీ తెరిచారు, మా వంతు వచ్చి పోయింది, ఆమె ఆపలేదు. నేను ఆపమనలేదు.

ఒక్క తిట్టు కూడా పోనీయకుండా విన్నానక్కా.

జానయ్య